కొత్త ఇల్లు ఎవరి మోకాళ్లకు? వీధి నుంచి పడకగది దాకా ఒక లెక్క

నరసన్నపేట దగ్గర ఊళ్లో మా పెద్దమ్మ కొడుకు ఇల్లు కట్టాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ పదేళ్లు కూడబెట్టిన డబ్బు అది. గృహప్రవేశం నాడు పెద్దమ్మ ఆటో దిగి, గేటు పట్టుకుని, పైకి చూసి అలాగే నిలబడిపోయింది. "ఇల్లు కట్టినావా, కోవెల కట్టినావా నాయనా? ఇన్ని మెట్లేటి?" అంది.

మెట్లు ఏడు. ఒక్కోటి ఆరంగుళాలు, మొత్తం మూడున్నర అడుగుల ఎత్తు. ఆవిడవి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కోడలి భుజం ఆసరా చేసుకుని, మెట్టుకి రెండు పాదాలూ ఆనించుకుంటూ ఎక్కింది. ఆ ఇంట్లో ఏడాది పొడుగునా ఉండేది ఆవిడ ఒక్కతే. కొడుకు సంక్రాంతికి నాలుగు రోజులు, ఊరి పండక్కి రెండు రోజులు వచ్చి పోతాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఇంటింటి కథ. పిల్లలు పనికోసం హైదరాబాదుకో, చెన్నైకో, గల్ఫుకో వెళ్తారు. డబ్బు అక్కడినుంచి వస్తుంది, ఇల్లు ఇక్కడ లేస్తుంది. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలయ్యాక హైవే వెంబడి లేఅవుట్లు పెరిగాయి, కొత్త పునాదులూ పెరిగాయి. ఎలివేషన్ ఎలా ఉండాలి, ఫాల్స్ సీలింగ్ ఏ రంగు అన్నవాటి మీద నెలల తరబడి చర్చ జరుగుతుంది. వీధిలోంచి గుమ్మం దాకా మనిషి ఎలా చేరతాడన్నది మాత్రం చివర్లో, మేస్త్రి చేతికి వదిలేసిన లెక్క అవుతుంది. ఆ లెక్కే ఈ వ్యాసం.

సౌకర్యం, వాడకం, అందుబాటు: మూడు వేర్వేరు మాటలు

గదిలో ఉక్కపోయకపోతే, కాలికింద నేల హాయిగా ఉంటే అది సౌకర్యం. వంటగదిలోంచి పెరట్లోకి రెండడుగుల్లో వెళ్లగలిగితే, తడి బట్టలు ఆరేసుకునే చోటు ఉంటే అది వాడకానికి వీలు. అందుబాటు ఈ రెంటికీ ముందు వచ్చేది. ఆ గదిలోకి, ఆ పెరట్లోకి మనిషి ఒకరి చెయ్యి పట్టుకోకుండా చేరగలడా అన్నది దాని ప్రశ్న.

అందుబాటు అనగానే వీల్‌చైర్ గుర్తొస్తుంది, మనింట్లో అలాంటివాళ్లు లేరులే అనిపిస్తుంది. 2011 జనగణనలో దేశ జనాభాలో వికలాంగులు 2.21 శాతం. ఆ అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ మోకాళ్లరిగిన తల్లి, పురిటికి పుట్టింటికొచ్చిన కూతురు, బండి మీంచి పడి కాలికి కట్టు కట్టించుకున్న కొడుకు ఆ అంకెలో లేరు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో డయాలసిస్ చేయించుకుని ఆటో దిగే మనిషిని తలచుకోండి. కాళ్లు ఉంటాయి, వాటిలో సత్తువ ఉండదు. ఆ రోజు ఆయనకు ఏడు మెట్లు ఏడు మేడలు.

ఈ చూపుకు "యూనివర్సల్ డిజైన్" అని పేరు పెట్టినవాడు అమెరికా ఆర్కిటెక్ట్ రొనాల్డ్ మేస్. చిన్నప్పుడు పోలియో వచ్చి వీల్‌చైర్‌లో తిరిగిన మనిషి. వికలాంగుల కోసం వేరే ఇల్లు కాకుండా, అందరికీ పనికొచ్చే ఇల్లే కట్టాలన్నది ఆయన మాట. దానికన్నా తక్కువ కోరే ఇంకో ఆలోచన ఉంది, "విజిటబిలిటీ". చుట్టపుచూపుగా వచ్చిన మనిషికైనా ఇల్లు అందాలన్నది దాని సారం. కోరేవి మూడే: మెట్టు లేని ఒక దారి, వీల్‌చైర్ పట్టే గుమ్మాలు, కింది అంతస్తులో వాడుకోగల ఒక బాత్రూము.

మరి చట్టం? వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, మాల్స్ వంటి జనం మసలే చోట్ల అందుబాటు గురించే ప్రధానంగా మాట్లాడుతుంది. ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోకూడదు, తప్పనిసరి నిబంధనలు కావాలని 2024 నవంబరులో రాజీవ్ రాటూరీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ జనం వాడే చోట్ల గురించే. సొంతిల్లు కట్టుకునే మనిషిని గుమ్మం వెడల్పెంత అని ఎవరూ అడగరు. కాబట్టి ఇది పూర్తిగా ఇంటివాళ్ల చేతిలో ఉన్న పని.

ఏడు మెట్లెందుకొచ్చాయి?

నేల మీంచి ఇంటి గచ్చు దాకా ఉన్న ఎత్తును మేస్త్రులు బేస్‌మెంట్ లెవెల్ అంటారు. మావాడు దాన్ని మూడున్నర అడుగులు పెట్టడం డాబుకి కాదు. వాడి భయం వేరు. మా తాతల నాటి పెంకుటిల్లు ఒకప్పుడు వీధికన్నా రెండడుగులు ఎత్తున ఉండేది. మట్టిరోడ్డు మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సిమెంటు పోస్తూ పోయారు. ఇప్పుడు ఆ ఇంటి అరుగు రోడ్డుకి సమానంగా ఉంది, వానొస్తే వీధి నీళ్లు సావిట్లోకి వస్తాయి. నాగావళి, వంశధార పక్కనున్న ఊళ్లకైతే వరద భయం అదనం.

అందుకే "ఎత్తుగా కట్టు" అనే పెద్దల మాటను తీసిపారేయలేం. అందుబాటు గురించి చెప్పేవాళ్లు కొందరు ఎత్తు తగ్గించెయ్యమని తేలిగ్గా అనేస్తారు. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్ తుఫాను తీరం దాటిన రాత్రిని చూసినవాళ్లు ఆ సలహా వినరు. వాళ్లు వినకపోవడంలో న్యాయం ఉంది.

కానీ ఎంత ఎత్తు అన్నది కొలిచి తేల్చాల్సిన సంగతి. ఊళ్లో పాతవాళ్లను అడిగితే, నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి ఎత్తుకి కొంత కలుపుకుంటే చాలా వీధుల్లో రోడ్డు నడిమి మట్టం నుంచి రెండడుగులు సరిపోతుంది. ఏటి ఒడ్డున చాలదు. పక్కింటాయన మూడు పెట్టాడు కాబట్టి మనం మూడున్నర పెట్టాలనే పోటీకి మాత్రం ఏ వరదా సాక్ష్యం చెప్పదు.

బండి ర్యాంపు వేరు, మనిషి ర్యాంపు వేరు

"మా ఇంటికి ర్యాంపు ఉందండీ" అని చాలామంది అంటారు. ఉంటుంది, మోటారుసైకిల్ ఎక్కించడానికి. రెండడుగుల ఎత్తుకి ఆరడుగుల పొడవు, అంటే అడుగు లేవడానికి మూడడుగుల పరుగు. ఇంజను గుంజుతుంది కాబట్టి బండి ఎక్కుతుంది. ఆ వాలు మీద వీల్‌చైర్ తోస్తే తోసేవాళ్లే వెనక్కి వస్తారు. చేతికర్రతో నడిచే మనిషికైతే దిగేటప్పుడు ఇంకా ప్రమాదం.

మనిషి ర్యాంపుకి మన దేశ ప్రమాణాల్లో ఉన్న కొలత 1:12. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. పైన తలుపు ముందు తిరగడానికి అయిదడుగుల చదును. దారి పొడవు తొమ్మిది మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులు దాటితే మధ్యలో ఇంకో చదును.

ఇప్పుడు లెక్క. తూర్పు ముఖం స్థలం, 150 గజాలు, 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు అనుకుందాం. మావాడి మూడున్నర అడుగుల ఎత్తుకి ర్యాంపు 42 అడుగులు, మధ్యలో ఒక చదును, పైన ఒక చదును, మొత్తం 52 అడుగులు. స్థలమే 45. పట్టదు. అదే రెండడుగుల ఎత్తయితే 24 అడుగుల ర్యాంపు, 5 అడుగుల చదును, కలిపి 29. దక్షిణం పక్క సందులో మూడు, మూడున్నర అడుగుల వెడల్పుతో హాయిగా పడుతుంది, పక్క తలుపులోంచి హాల్లోకి చేరుతుంది. ముందు మెట్లు, సింహద్వారం వాటి చోట అవి ఉంటాయి. ఇంకో సంగతి: రేపు రోడ్డు ఆరంగుళాలు లేస్తే ర్యాంపు ఎక్కాల్సిన ఎత్తు అంత తగ్గుతుంది. అప్పుడు ర్యాంపు పాడవదు, ఇంకాస్త సులువవుతుంది.

పల్లెల్లో ప్రభుత్వం ఇచ్చిన సెంటున్నర పట్టా స్థలం చూద్దాం. సెంటు 48.4 గజాలు. సెంటున్నర అంటే దాదాపు 653 చదరపు అడుగులు, సుమారు 20 అడుగుల వెడల్పు, 33 అడుగుల లోతు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. బేస్‌మెంట్ అడుగున్నర ఉంటే 18 అడుగుల ర్యాంపు, 5 అడుగుల చదును, మొత్తం 23. పక్కన మూడున్నర అడుగులు వదిలితే పట్టేస్తుంది. గోడకు గోడ ఆనించి కట్టేస్తే ఆ దారి ఎప్పటికీ రాదు.

కష్టమైనది మూడో రకం. మన పాత వీధుల్లో వరస ఇళ్లు ఉంటాయి. రెండు పక్కలా ఉమ్మడి గోడలు, పద్నాలుగడుగుల ముఖం, వెనక దొడ్డి దాకా రైలుపెట్టెలా గదులు. పక్క సందు లేదు. ముందు అరుగు పొడవునా అడ్డంగా ర్యాంపు వేద్దామంటే, అయిదడుగుల చదును పోగా మిగిలేది తొమ్మిదడుగులు. అది ఎక్కించగలిగేది తొమ్మిదంగుళాలే. ఇక్కడ పూర్తి పరిష్కారం లేదు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవన్న ఆ ప్రమాణాన్ని సడలించి ఒకరు తోయాల్సిన వాలుతో సరిపెట్టుకోవడమో, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మెట్లు నాలుగు కట్టి రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు పెట్టడమో చేస్తారు. మోకాళ్ల నొప్పికి రెండోదే మేలు. వీల్‌చైర్‌కి మొదటిది తప్ప దారి లేదు.

అన్నట్టు, ఆ పాత ఇళ్ల అరుగును తక్కువ చెయ్యకూడదు. మోకాలెత్తు అరుగు మీద కూర్చున్న ముసలామె చేతులు ఊనకుండానే లేస్తుంది. పెద్దవాళ్లకు అనువైన కుర్చీకి, కమోడుకి ఈనాటి ప్రమాణాలు చెప్పే ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు. అంటే అడుగున్నర, కాస్త పైన. కొత్త ఇళ్లలో అరుగు తీసేసి స్టీలు రెయిలింగు పెట్టాం. వీధిలో వెళ్లేవాళ్లతో మాట్లాడుతూ కూర్చునే చోటు దాంతోనే పోయింది.

మూడడుగుల గుమ్మం మూడడుగులు కాదు

వడ్రంగి "మూడడుగుల ద్వారబంధం" అంటే కలప బయటి అంచు నుంచి బయటి అంచుకి. రెండు పక్కలా మూడేసి అంగుళాల కలప పోతే మిగిలేది 30 అంగుళాలు. తలుపు తెరిచినప్పుడు దాని మందం ఇంకో అంగుళం తింటుంది. 29.

బాత్రూముకి మామూలుగా పెట్టేది రెండున్నర అడుగుల బంధం. ఇదే లెక్కన మిగిలేది 23 అంగుళాలు. మామూలు వీల్‌చైర్ వెడల్పు పాతిక అంగుళాలకు అటూ ఇటూ. అంటే మనం కట్టే ఇళ్లలో పడకగదిలోకి వీల్‌చైర్ ఒరుసుకుంటూ వెళ్తుంది, అన్నిటికన్నా అవసరమైన గదిలోకి వెళ్లనే వెళ్లదు. ప్రమాణం కోరే 900 మిల్లీమీటర్ల ఖాళీకి దగ్గరగా రావాలన్నా బంధం మూడున్నర అడుగులుండాలి. తేడా ఎంత? పైకమ్మీ, కింద గడప, తలుపు చెక్క తలా అరడుగు పెరగడం, బాత్రూముకైతే తలా అడుగు. అదే గోడ లేచాక కావాలంటే బంధం పీకాలి, గోడ కొట్టాలి, గుమ్మం పైన ఉండే కాంక్రీటు దూలం, లింటల్, చాలకపోతే దాన్నీ మార్చాలి, టైల్స్ అతకాలి.

బాత్రూములో కనిపించని పనులు

వీల్‌చైర్ ఒక చుట్టు తిరగడానికి అయిదడుగుల వలయం కావాలి. నాలుగు బై ఏడు బాత్రూములో అది పట్టదు. అయిదు బై ఎనిమిదిలో కమోడు ఒక చివర గోడకు పెడితే తిరగడానికి చోటొస్తుంది. పెరిగినది పన్నెండు చదరపు అడుగులు.

తలుపు ఎటు తెరుచుకుంటుందన్నది ప్రాణం మీదికొచ్చే సంగతి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే ఆ ఒళ్లే తలుపుకి అడ్డం. బయటినుంచి తోస్తే పడ్డవాళ్లకే దెబ్బ. బయటికి తెరుచుకునేదో, పక్కకు జరిగేదో అయితే ఆ చిక్కు లేదు.

గోడకు పట్టుకునే కమ్మీలు ఇప్పుడే పెట్టక్కర్లేదు. కానీ అవి పెట్టబోయే గోడ సంగతి ఇప్పుడే తేలాలి. ఏఏసీ అనే తేలిక కాంక్రీటు బ్లాకుల గోడలో మామూలు స్క్రూ మనిషి బరువు ఆపదు. కమోడు పక్కన రెండు, మూడు అడుగుల ఎత్తు మధ్య కాంక్రీటు పట్టీ ఒకటి పోసి వదిలేస్తే పదేళ్ల తరవాత కమ్మీ గట్టిగా నిలుస్తుంది. టైల్ వెనక అదెక్కడుందో ఫోటో తీసి దాచుకున్న ఒకాయన్ని నేనెరుగుదును, చాలా ముందుచూపు.

ఇక గడప దగ్గర రెండంగుళాల దిగుడు. నీళ్లు బయటికి రాకూడదని పెడతారు, అర్ధరాత్రి నిద్రమత్తులో తట్టుకునేది అక్కడే. నేలను లోపలికి వాలుగా తీసి, తలుపు దగ్గర పొడవాటి జాలీ వేస్తే ఆ దిగుడు అరంగుళానికి వస్తుంది. గరుకు టైల్స్ సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిందే.

మేడ మీద పడకగది, లిఫ్టు, తుఫాను

డూప్లెక్స్ ఇళ్లలో పెద్ద పడకగది మేడ మీద ఉంటుంది. దానికి సమర్థన లేకపోలేదు: పైన గాలి, కింద కారు, వీధి గోల తక్కువ. విజయనగరం వంటి పట్టణాల్లో చిన్న స్థలమైతే కింద పార్కింగు వదిలి ఇంటినే మొదటి అంతస్తులో మొదలుపెడతారు. ముసలితనం వస్తే లిఫ్టు పెట్టుకుంటాం అంటారు.

లిఫ్టుకి గుంట, గోడలు, ఏటేటా నిర్వహణ కావాలి. డబ్బున్నవాళ్లు పెట్టుకోగలరు. కానీ కరెంటు? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతో పాటు కరెంటు స్తంభాలూ ఒరిగాయి. రోజుల తరబడి దీపం లేదు. అలాంటి వారంలో లిఫ్టు ఉన్న ఇంట్లో పైన ఉన్న పెద్దమనిషి పైనే ఉండిపోతాడు. లిఫ్టు వద్దని కాదు. అది ఉన్నా కింద ఒక పడకగది, దాన్ని ఆనుకుని బాత్రూము ఉంటేనే ఇల్లు తుఫాను వారాన్ని కూడా దాటుతుంది.

మెట్ల లెక్క కూడా చూద్దాం. అంతస్తు ఎత్తు పదడుగులు. ఇళ్లకు నేషనల్ బిల్డింగ్ కోడ్ హద్దు మెట్టుకి 190 మిల్లీమీటర్ల ఎత్తు, 250 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే దాదాపు ఏడున్నర, పది అంగుళాలు. అలా అయితే 16 మెట్లు. ఆరంగుళాల ఎత్తు, అడుగు వెడల్పు పెడితే 20 మెట్లు. మధ్యలో తిరిగే మెట్లయితే ఒక్కో వరుస అయిదడుగుల పది అంగుళాల నుంచి తొమ్మిదడుగులకు పెరుగుతుంది. రెండు వరుసలూ కలిపి ఆరున్నర అడుగుల వెడల్పుతో గుణిస్తే 20 చదరపు అడుగులు ఎక్కువ. చదరపు అడుగు రెండు వేలనుకుంటే నలభై వేల రూపాయల చోటు. 18 మెట్లతో మధ్యేమార్గం పడితే అందులో సగం.

ఎత్తుకన్నా ప్రమాదం హెచ్చుతగ్గులు. హాలు టైల్ కింద మసాలాతో కలిపి రెండున్నర అంగుళాలు లేస్తుంది, మెట్టు మీద గ్రానైట్ అంగుళంన్నరే లేస్తుంది. దాంతో మొదటి మెట్టు మిగతావాటికన్నా అంగుళం పొట్టి. కన్నుకి కనిపించదు, కాలికి తెలుస్తుంది, అదీ దిగేటప్పుడు. కాంక్రీటు పోసేముందే ఈ తేడా లెక్కేసే మేస్త్రి దొరకడం అదృష్టం.

కిటికీ తెరుచుకునేది ఎంత?

మనది ఉక్క వాతావరణం. ఎండ కన్నా చెమట బాధ ఎక్కువ, కాబట్టి గాలి ఆడటమే సౌకర్యం. ఇళ్లలో కరెంటు ఆదా కోసం 2018లో వచ్చిన కేంద్ర నియమావళి ఎకో నివాస్ సంహిత ఇలాంటి ప్రాంతాలకు కార్పెట్ ఏరియాలో 16.66 శాతం, అంటే ఆరో వంతు బయటికి తెరుచుకునే చోటు ఉండాలంటుంది. స్థూలంగా గదికి గది చూస్తే, పది బై పన్నెండు గదికి 20 చదరపు అడుగులు. అయిదు బై నాలుగు కిటికీ ఒకటి పెడితే సరిగ్గా 20, సరిపోయిందనుకుంటాం. అది స్లైడింగ్ అయితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. దొరికేది 10. రెక్కల కిటికీ అయితే దాదాపు మొత్తం.

తుఫాను వైపునుంచి చూస్తే వాదన తిరగబడుతుంది. గాలి భారాల ప్రమాణంలో విశాఖకు లెక్కించే వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. గొళ్లెం బలంగా లేని పెద్ద రెక్కలు ఆ గాలికి నిలవవు. కాబట్టి ఒక పెద్ద కిటికీ బదులు ఎదురెదురు గోడల్లో రెండు మధ్యస్థం కిటికీలు, పైకీ కిందికీ బోల్టులు, మీద రెండడుగుల సన్‌షేడు ఈ రెండు అవసరాల మధ్యా కుదిరే రాజీ.

కిటికీ కింది అంచు ఎత్తు గురించి ఎవరూ మాట్లాడరు. మామూలుగా మూడడుగులు పెడతారు. మంచం మీద దిండుకి ఆనుకున్న మనిషి కన్ను రెండున్నర అడుగుల దగ్గర ఉంటుంది. ఆ మనిషికి కనిపించేది ఆకాశం, పక్కింటి నీళ్ల ట్యాంకు. రెండడుగులకు దించి గ్రిల్లు బిగిస్తే వీధి కనిపిస్తుంది.

వాస్తుతో పేచీ ఎంత?

అనుకున్నంత లేదు. ఇంటి పెద్దకు నైరుతి గది అన్నది వాస్తు మాటే. కింది అంతస్తు నైరుతి గది తల్లిదండ్రులదైతే రెండు లెక్కలూ కలుస్తాయి. ఉత్తరం, తూర్పు ఎక్కువ వదిలి దక్షిణం సందు సన్నగా ఉంచుతారు; ర్యాంపుకి కావాల్సింది ఆ సన్న సందే. తూర్పు ముఖం ఇంట్లో ఆ ర్యాంపు పడమటికి లేస్తుంది, దక్షిణ పడమరలు ఎత్తుండటం వాస్తుకి ఇష్టమే. పడమర ముఖం ఇంట్లో మాత్రం ర్యాంపు తూర్పుకి లేస్తుంది, అక్కడ సిద్ధాంతి అభ్యంతరం చెప్పొచ్చు. గడప విషయంలో కలప గడపను నేలమట్టానికి అరంగుళం పైకి ఉండేలా దించి పసుపు రాసుకుంటున్నవాళ్లున్నారు. అది గడప కాదనేవాళ్లూ ఉన్నారు. నమ్మకం ఉన్నవాళ్లు సింహద్వారానికి ఎత్తు గడప ఉంచి, ర్యాంపు తలుపుకి తీసేస్తారు.

"ఇప్పుడెందుకు ఆ ఖర్చు?"

ఇది న్యాయమైన ప్రశ్న. అప్పు చేసి కట్టేవాడికి ప్రతి వెయ్యీ లెక్కే. రాని అవసరానికి ఇప్పుడే కమ్మీలు, లిఫ్టు కొనమనడం సబబు కాదు. అయితే పైన చెప్పినవాటిలో తర్వాత కొనుక్కోగలిగేవి వేరు, తర్వాత ఎంత పెట్టినా రానివి వేరు. కమ్మీ, కమోడు ఎత్తు, మంచం పక్క స్విచ్చు ఎప్పుడైనా వస్తాయి. బేస్‌మెంట్ ఎత్తు, పక్క సందు, గుమ్మం వెడల్పు, కింది గది, మెట్ల కొలత ఆ ఒక్కసారే.

మావాడు ఇప్పుడు ఆ ఇంటికి ర్యాంపు వేద్దామని చూశాడు. సందు లేదు, ఎత్తు తగ్గదు. బాత్రూము గోడ కొట్టించి తలుపు వెడల్పు చేయించాడు, ఏడు మెట్లకీ రెండు పక్కలా కమ్మీలు పెట్టించాడు.

వాడి తమ్ముడు రాజాం దగ్గర స్థలం కొన్నాడు. ముగ్గు పోసే రోజు నేనూ వెళ్లాను. పెద్దమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం మోసి, ముగ్గుతో గీసిన నైరుతి గదిలో దించాం. పక్కన నవారు మంచం వేశాం. ఆవిడ అటూ ఇటూ చూసి, "మంచం ఇటేస్తే కిటికీలోంచి ఈధి అగుపిస్తాదేటి?" అని అడిగింది. మేస్త్రి కిటికీ గీత ఎక్కడుందో చూశాడు. కాలితో ముగ్గు చెరిపి, రెండడుగులు జరిపి మళ్లీ పోశాడు.